చెత్తను జావా తీసేస్తుంది, మరి కనెక్షన్ ఎవరు మూయాలి?

ప్రశ్న: మాది పుత్తూరు. తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. మొన్న చెన్నైలో ఒక ఇంటర్వ్యూలో 'జావాలో మెమరీ విషయంలో ప్రోగ్రామర్ చేయాల్సింది ఏముంది?' అని అడిగారు. గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది కాబట్టి ఏమీ లేదన్నాను. అక్కడితో ముగించేశారు. జావా వదిలేసి సీ ప్లస్ ప్లస్ నేర్చుకోమని మా అన్న, 25 వేలు కట్టి అడ్వాన్స్‌డ్ జావా కోర్సులో చేరమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: భాష మార్చొద్దమ్మా. నువ్వు తడబడింది జావా రాక కాదు, జీసీ (అక్కర్లేని మెమరీని తనే ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్) పని ఎక్కడిదాకా ఉంటుందో ఎవరూ నీకు చెప్పక. మన కాలేజీల్లో జీసీ గురించి రెండు మార్కుల జవాబు రాయించి వదిలేస్తారు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న బాధ.

తిరుమలలో గది తీసుకున్నావనుకో. దర్శనం అయిపోయి కొండ దిగేసినా, తాళంచెవి నీ చేతిలోనే ఉంటే ఆ గదిని ఇంకొకరికి ఇవ్వలేరు. జీసీ చూసేదీ అంతే. ఒక ఆబ్జెక్టును నువ్వు ఇంకా వాడుతున్నావా లేదా అన్నది దానికి తెలియదు. నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచి దాన్ని చేరుకునే రెఫరెన్స్, అంటే ఆ ఆబ్జెక్టును చూపించే దారి, ఏదైనా మిగిలి ఉందా అని మాత్రమే చూస్తుంది. ఉంటే ముట్టుకోదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1960లో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి ప్రచురించిన వ్యాసంలోనే ఈ ఆలోచన ఉంది. జావా జీసీలు ఎంత మారినా మూలం అదే.

ఇది ఈ రాత్రే నీ ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు. ఒక క్లాసులో స్టాటిక్ అర్రే లిస్ట్ పెట్టు. లూప్ తిరిగిన ప్రతిసారీ 100 కేబీ బైట్ అర్రే ఒకటి చేసి అందులో వెయ్యి. హీప్‌ను (ఆబ్జెక్టులు ఉండే మెమరీని) 64 ఎంబీకి పరిమితం చేసి రన్ చెయ్యి. కొన్ని వందలసార్లు తిరిగేసరికి 'అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: జావా హీప్ స్పేస్' అని పడిపోతుంది. ఇప్పుడు లిస్టులో వేసే ఆ ఒక్క లైను తీసేసి మళ్లీ రన్ చెయ్యి. లక్షసార్లు తిరిగినా ఆగదు. జీసీ అదే, నువ్వు పట్టుకున్న రెఫరెన్స్ ఒక్కటే తేడా. నిజం ప్రాజెక్టుల్లో ఈ పట్టు మళ్లీ వాడొచ్చని దాచి ఎప్పటికీ ఖాళీ చేయని క్యాష్‌లోనో, ఏదైనా జరిగితే పిలవమని రిజిస్టర్ చేసి తీయడం మరిచిన లిజనర్‌లోనో ఉంటుంది. అలాగని కనిపించిన ప్రతి లోకల్ వేరియబుల్‌కీ నల్ పెట్టుకుంటూ పోకు. మెథడ్ అయిపోతే అవి ఎలాగూ పోతాయి. సిస్టమ్ డాట్ జీసీ పిలిచినా అది విన్నపమే, వెంటనే జరిగి తీరాలని లేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం, ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేదీ ఇదే. జీసీ మెమరీని చూస్తుంది. డేటాబేస్ కనెక్షన్లు, ఫైళ్లు, సాకెట్లు దాని లెక్కలో లేవు. జావా వెబ్ ప్రాజెక్టులకు వాడే స్ప్రింగ్ బూట్‌లో, డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి అడిగినవారికి ఇచ్చే హికారీ పూల్ మామూలుగా వస్తుంది. అందులో డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లే ఉంటాయి. తీసుకున్న పదీ మూయకుండా వదిలేస్తే, పదకొండో రిక్వెస్ట్ 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ ఇస్తుంది. ఆ సమయంలో హీప్ సగం ఖాళీగా ఉండొచ్చు, జీసీ నడవాల్సిన అవసరమే రాకపోవచ్చు. అందుకే 2011లో జావా 7తో ట్రై విత్ రిసోర్సెస్ అనే బ్లాక్ తెచ్చారు. బ్లాక్ దాటగానే, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా సరే, క్లోజ్ జరుగుతుంది. పాత పుస్తకాల్లో, జీసీ ఆబ్జెక్టును తీసేముందు పిలిచే ఫైనలైజ్ మెథడ్‌లో మూయమని ఉంటుంది, దాన్ని నమ్ముకోకు. అది ఎప్పుడు నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో హామీ లేదు. 2017లో జావా 9తోనే దాన్ని వాడొద్దన్నారు, 2022లో జావా 18తో తీసేసే జాబితాలో పెట్టారు. పైథాన్‌లో విత్, సీ షార్ప్‌లో యూజింగ్ ఉన్నది కూడా ఈ పనికే.

మీ అన్న మాటలో కొంత న్యాయం ఉంది. సీలో మెమరీ అడిగే మాలాక్, తిరిగిచ్చే ఫ్రీలతో రెండు మూడు రోజులు చిన్న ప్రోగ్రాములు రాస్తే జీసీ నీకు ఏ బరువు తగ్గిస్తోందో అర్థమవుతుంది. దానికోసం దారి మార్చుకోవక్కర్లేదు.

ఇక కోర్సు. ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ముందు నీ కాలేజీ ప్రాజెక్టు తెరిచి, కనెక్షన్ తీసుకున్న ప్రతిచోటా అది ఎక్కడ మూస్తున్నావో వెతుకు. మూయని చోటు ఒక్కటైనా దొరుకుతుందని నా నమ్మకం. దాన్ని సరిచెయ్యి. తర్వాత పై లిస్ట్ ప్రోగ్రామ్ వెంటనే పడిపోకుండా లూప్‌లో కాస్త స్లీప్ పెట్టి, అది నడుస్తుండగా విజువల్ వీఎం అనే టూల్‌తో హీప్ డంప్ (హీప్‌లో ఆ క్షణాన ఏముందో చూపే కాపీ) తీసి, ఆ బైట్ అర్రేలను ఎవరు పట్టుకున్నారో చూడు. ఈ రెండూ ఒక పేజీలో రాసుకో. తర్వాతి ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వస్తే డెఫినిషన్ అప్పజెప్పకుండా, నీ ప్రాజెక్టులో ఏది లీకైందో, ఎలా కనిపెట్టావో చెప్పు. ఇంత చేశాక కూడా ఎక్కడైనా ఆగిపోతే, ఏ ఎర్రర్ వచ్చిందో మక్కీకి మక్కీ రాసి పంపు. కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.