మినీ ట్రాక్టర్ క్లచ్ ఇంటి దగ్గర మార్చేవాడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

క్లచ్ పోయిందని, బండిని షెడ్డుకు తోలకుండా ఇంటి దగ్గరే విప్పుతానని రాశావు. నీది 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ చిన్న బండి, క్లచ్ ఒంటి ప్లేటుది. ఇద్దరు మనుషులు, చదునైన సిమెంటు గచ్చు, రెండు రోజుల తీరిక ఉంటే చేసుకోవచ్చు. ప్లేటు మార్చడం అరగంట పనే. బండిని రెండు ముక్కలుగా విడదీయడం, మళ్లీ కలపడం, ఆ ప్లేటు ఎందుకు కాలిందో కనిపెట్టడం, ఇవే అసలు పని.

ముందు, పోయింది క్లచ్చేనా అని చూడు. పెడల్‌ని చేత్తో నొక్కు. గట్టిపడేలోపు 20 నుంచి 30 మిల్లీమీటర్లు వదులుగా దిగాలి. నీ బండికి సరైన కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ఆ వదులు అసలు లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ముందుకు జరిగి క్లచ్‌ని విడిపించేది) ఎప్పుడూ ఫింగర్ల మీద, అంటే అది నొక్కే మీటల మీద, ఆనుకునే ఉంటుంది, ప్లేటు బాగున్నా జారుతుంది. లాక్ నట్టు వదులు చేసి రాడ్డు సర్దితే సగం బండ్లు అక్కడే బాగుపడతాయి. సర్దాక పరీక్ష చెయ్యి: రెండు బ్రేకులూ తొక్కిపట్టి, టాప్ గేరులో వేసి, క్లచ్ మెల్లగా వదులు. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే ప్లేటు జారుతున్నట్టే. ఇది ఒక్కసారే చెయ్యి, పదేపదే చేస్తే ఉన్న ప్లేటూ మాడుతుంది.

గేరు పడేటప్పుడు కరకరమంటే కథ వేరు, అది క్లచ్ జారడం కాదు, విడవకపోవడం. వానాకాలమంతా కదలకుండా ఉన్న బండిలో ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీల్‌కి (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి) అంటుకుపోతుంది. దానికి కొత్త ప్లేటు అక్కర్లేదు, విడిపిస్తే చాలు. అందుకే కొన్ని బండ్లకు పెడల్‌ని తొక్కిపెట్టి ఉంచే కొక్కెం ఇస్తారు.

క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ వేలు పెట్టి చూడు. నల్లటి నూనె అంటితే ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు (నూనె కారకుండా ఆపే వలయం) పోయింది. లేత రంగు నూనె అయితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. ఈ సంగతి చూడకుండా ప్లేటు ఒక్కటే మారిస్తే కొత్తదీ నూనె తాగి మళ్లీ జారుతుంది.

సామాను ఒకేసారి తెచ్చుకో: క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కి అదిమే ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్, పైన చెప్పిన సీళ్లు రెండూ, రిలీజ్ బేరింగ్‌ని నెట్టే ఫోర్క్ షాఫ్ట్ బుష్‌లు. వంద రూపాయల సీలు మిగుల్చుకోవాలని చూస్తే మళ్లీ బండి విడదీయాల్సి వస్తుంది. కొట్టువాడికి మోడల్ పేరుతో పాటు ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చెప్పు. ఒకే మోడల్‌లో ఏడాది మారితే ప్లేటు నడిమి హబ్ పళ్ల లెక్కా మారవచ్చు.

విప్పడం మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. డీజిల్ కాక్ కట్టెయ్యి. బానెట్, వైరింగ్ సాకెట్లు, యాక్సిలరేటర్ లింకు, మీటరు కేబుల్, స్టీరింగ్ లింకు లేదా గొట్టాలు, హైడ్రాలిక్ పైపులు, క్లచ్ రాడ్డు వరసగా ఊడదీయి. ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందుకు వెళ్లే షాఫ్ట్ కూడా. ఊడిన ప్రతి గొట్టం మూతికీ ప్లాస్టిక్ కవర్ కట్టు, ఇసుక రేణువు లోపలికి పోయినా పంపు పాడవుతుంది. హౌసింగ్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద హౌసింగ్ ఆకారం గీసి, ఎక్కడి బోల్టుకి అక్కడే రంధ్రం పొడిచి గుచ్చు. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే లోపల కొట్టుకుంటుంది, లేదా మర పోతుంది.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే భాగం. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. బండి విడిపోయిన క్షణంలో ఇంజన్ సగం ఓ పక్కకి ఒరుగుతుంది. ఇరుసుకీ దాని పైని బ్రాకెట్‌కీ మధ్య రెండు వైపులా చెక్క దిమ్మలు బిగుతుగా దిగ్గొట్టు. ముందు బరువులు ఉంటే తీసెయ్యి, లేకపోతే మూతి నేలకు పడుతుంది. వెనక చక్రాలకు అటూ ఇటూ అడ్డు రాళ్లు పెట్టి, గేర్‌బాక్స్ ముందు భాగం కింద ఇనుప స్టాండ్లు పెట్టు. ఇంజన్ వెనక భాగం కింద చక్రాలున్న, దొర్లే జాకీ ఉండాలి, సంపుకీ (ఇంజన్ అడుగు నూనె తొట్టికీ) జాకీకీ మధ్య పలక వెయ్యి. స్టాండ్ల బదులు ఇటుకలు పేర్చే పని పెట్టుకోవద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. వెనక సగం కదలకూడదు, ముందు సగం తన చక్రాల మీద ముందుకు జరగాలి. చెయ్యి ఆడాలంటే అడుగు పైనే సందు కావాలి.

లోపలి దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. సన్న దుమ్మును ఆపే మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడువు. ప్లేటు ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకో. ప్రెజర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా, సగం చుట్టు చొప్పున వదులు చెయ్యి. ఒక పక్క నుంచి విప్పుకుంటూ పోతే కవరు వంగుతుంది.

ఫ్లైవీల్ ముఖం చూడు. తేలిక గీతలైతే ఎమ్రీ పేపర్ చాలు. నీలం మచ్చలు, వెంట్రుకలాంటి పగుళ్లు, గోరు తగిలే గాడి ఉంటే లేత్ షాపుకి పంపు. పగులు లోతుగా ఉంటే మార్చడమే. పైలట్ బేరింగ్ తీయడానికి దాని వెనక గ్రీజు నిండా కూరి, రంధ్రానికి సరిగ్గా పట్టే రాడ్డు పెట్టి సుత్తితో కొట్టు, గ్రీజే దాన్ని బయటికి తోస్తుంది. తర్వాత ఆ గ్రీజు చుక్క మిగలకుండా తుడిచెయ్యి. కొత్త క్రాంక్ సీలు పెదవి పాత గాడిలోనే కూర్చోకుండా, పాతదానికంటే కాస్త ముందుకో వెనక్కో దింపు. రిలీజ్ బేరింగ్‌ని డీజిల్‌లో కడగొద్దు, లోపలి గ్రీజు పోతే నెల తిరక్కుండానే కూస్తుంది.

కొత్త ప్రెజర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఇస్తారు. దాన్నీ ఫ్లైవీల్‌నీ పెట్రోలుతో తుడువు. చుట్టుపక్కల బీడీ, నిప్పు ఏదీ ఉండకూడదు. కిరసనాయిలు, డీజిల్ పనికిరావు, జిడ్డు మిగులుస్తాయి. ప్లేటు లైనింగ్‌ని మసి చేతులతో పట్టుకోవద్దు. సాధారణంగా స్ప్రింగులున్న ఉబ్బు గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఫ్లైవీల్ వైపు ఏదో ప్లేటు మీద రాసి ఉంటే రాసినట్టే పెట్టు. తిరగేస్తే హబ్ ఫ్లైవీల్ బోల్టులకి తగులుతుంది, క్లచ్ విడవదు.

ప్లేటు సరిగ్గా నడిమధ్యన నిలవాలి. పాత ఇన్‌పుట్ షాఫ్ట్ దొరికితే అంతకంటే మంచిది లేదు. లేదంటే లేత్‌లో అదే కొలతకి చెక్క మండ్రెల్ (ప్లేటుని మధ్యన నిలిపే కడ్డీ) తిప్పించుకో. బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించు. 8 ఎంఎం, 8.8 గ్రేడు బోల్టులకి దాదాపు 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, మాన్యువల్‌లో వేరే చెబితే అదే ఖాయం. ఫింగర్ల రకమైతే మూడింటి ఎత్తూ ఒకటిగా ఉందో లేదో కొలువు. ఒకటి ఎత్తుగా ఉంటే కదిలేటప్పుడు బండి వణుకుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లకి గ్రీజు పొరలా రాసి, మిగిలింది తుడిచెయ్యి. ఎక్కువైతే తిరిగినప్పుడు ఎగిరి ప్లేటు మీదే పడుతుంది.

కలిపేటప్పుడు తొందరపడితే అంతా పోతుంది. రెండు పొడుగు బోల్టుల తలలు కోసి, ఎదురెదురు రంధ్రాల్లో దారి చూపించేలా బిగించు. గేరులో పెట్టి, ఒకరు ముందు సగాన్ని నెడుతుంటే ఇంకొకరు ఇంజన్ ముందు క్రాంక్ పుల్లీని అటూ ఇటూ కాస్త తిప్పాలి, పళ్లు పట్టగానే సందు దానంతటదే మూసుకుంటుంది. వేలెడు సందు మిగిలిందని బోల్టులతో లాగొద్దు. అలా లాగితే ప్లేటు హబ్ వంగుతుంది, హౌసింగ్ చెవి విరుగుతుంది. వెనక్కి జరిపి, జాకీ ఎత్తు సర్ది మళ్లీ నెట్టు. బరువు షాఫ్ట్ మీద వేలాడకూడదు.

కొత్త ప్లేటు కుదురుకునేదాకా మొదటి రోజులు రోటావేటర్ లోతుగా దింపొద్దు. పది గంటలు నడిపాక పెడల్ వదులు మళ్లీ కొలువు, లైనింగ్ సర్దుకునే కొద్దీ అది తగ్గుతుంది. పెడల్ మీద కాలు ఆనించి తోలే అలవాటు మానుకో. దమ్ము చేసే రోజుల్లో హౌసింగ్ అడుగు రంధ్రానికి ప్లగ్గు బిగించు, రోజూ సాయంత్రం విప్పి నీళ్లేమైనా దిగితే వంచు. దమ్ము అయిపోగానే ప్లగ్గు తీసి టూల్ బాక్సులో వేసెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య