బర్మా యుద్ధంలో పోయిన పెద్దతాతను చెన్నైలో ఉండి ఎలా తలుచుకోవాలి?

మీ తాతగారి అన్న రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళి తిరిగి రాలేదనీ, చెన్నై నందంబాక్కంలోని యుద్ధ సమాధుల్లో ఆయన పేరు ఉంటుందా అనీ అడిగారు.

అక్కడ ఉండే అవకాశం చాలా తక్కువండీ. దక్షిణ, తూర్పు భారతంలో అక్కడక్కడా ఉండిపోయిన సమాధులను ఒకచోట చేర్చడానికి 1952లో కట్టిన స్థలం అది. ఆ యుద్ధంలో పోయిన 856 మంది అక్కడ ఉన్నారు. బర్మాలో పోయినవాళ్ళు బర్మాలోనే ఉండిపోయారు. హిందూ సిపాయిలను వీలైనచోట దహనం చేశారు కాబట్టి సమాధి కోసం కాదు, పేరు కోసం వెతకండి. రంగూన్‌కి ఉత్తరాన టౌక్యాన్‌లో పొడవాటి స్మారక మండపం ఉంది. ఏ సమాధీ లేని దాదాపు 27,000 మంది పేర్లు దాని స్తంభాల మీద చెక్కారు. దహనమైనవాళ్ళకి అదే ఆవరణలో వేరే స్మారకం ఉంది.

మా చిన్నతాత పేరు ఆ స్తంభాల మీదే ఉంది. ఆయన పయనీర్ దళంలో రోడ్లు వేసే పనికి వెళ్ళాడు. ఈ సమాధులనీ స్మారకాలనీ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. మన పేర్లను ఆనాటి గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. అప్పలస్వామి అనే పేరుని నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి, ఇంటిపేరు వదిలేసి కూడా చూడండి. జిల్లా పేర్లు పాతవి: శ్రీకాకుళం అప్పటికి వేరే జిల్లా కాదు, విశాఖపట్నం ‘విజగపటం’గా ఉంటుంది. ఇంట్లో పతకం ఉంటే దాని అంచుని భూతద్దంతో చూడండి. మన సైన్యం వాళ్ళకిచ్చిన చాలా పతకాల మీద సిపాయి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. నంబరు ఉంటే దొరికింది ఆయనే అని రూఢి చేసుకోవచ్చు.

మాకు దొరికిన వివరాల్లో తండ్రి పేరు, ఊరు, చివర ‘ఫలానా ఆమె భర్త’ అని మా చిన్న నాయనమ్మ పేరూ ఉన్నాయి. శవం రాలేదు కాబట్టి బొట్టు తీయనని పట్టుబట్టి, పోయేదాకా పెట్టుకున్న మనిషి ఆవిడ. నాన్న ఆ వరుస పైకి చదువుతూ ఆవిడ పేరు దగ్గర ఆగిపోయారు.

తెల్లవాడి తరఫున పోయాడని మా ఊళ్ళో ఆయన మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఇంటికి నాలుగు రూపాయలు పంపుదామని వెళ్ళిన కుర్రాడు ఆయన. ఆయన్ని తలుచుకోవడం సామ్రాజ్యాన్ని పొగడడం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ రికార్డులో తేదీ ఉంటే పాత పంచాంగం చూసి తిథి చెప్పమని మీ పురోహితుణ్ణి అడగండి. తేదీ లేకపోయినా ఫరవాలేదు, ఆయుధాలతో పోయినవాళ్ళకి మహాలయ పక్షంలో బహుళ చతుర్దశి ఉండనే ఉంది. మా ఇంట్లో ఆ రోజే చేస్తున్నాం. ఆయనకి పిల్లలు లేరు, అందుకని నాన్నే తిలోదకాలు వదులుతారు. మీ ఇంట్లో ఆ ఆనవాయితీ లేకపోతే ఆయన పేరున పదిమందికి అన్నం పెట్టండి.

నందంబాక్కం కూడా ఒకసారి వెళ్ళి రండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. రాళ్ళ మీద వయసులు చదివించండి. వెతికేటప్పుడు పేరు దగ్గర చిక్కు వస్తే ఆయన దళం, ఊరు ఇక్కడ రాయండి, నేనూ వెతుకుతాను.