కుక్కపిల్ల డ్రిప్పు పైపులు కొరికేస్తోంది, ఆడకుక్క ఎదకొచ్చింది... ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. మిరప తోట కాపలాకు రెండు నాటు కుక్కలను పెంచుతున్నాం. నాలుగున్నర నెలల మగపిల్ల డ్రిప్పు పైపులు, చెప్పులు, పిల్లల చేతులు ఏది దొరికితే అది కొరుకుతోంది. కొరికిన పైపు మీద రక్తం మరకలు ఉంటున్నాయి. ఏడాది వయసున్న ఆడకుక్కకు పది రోజులు రక్తం కారి ఆగింది. తగ్గిందని వదిలితే అక్టోబరు 14న ఊరకుక్కతో కలిసి రెండూ అతుక్కుపోయాయి. పక్క చేనువాళ్లు నీళ్లు పోసి, కర్రలతో కొట్టి విడదీశారు. వీటికి పిచ్చి ఏమైనా పట్టిందా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి అవి పిచ్చి లక్షణాలు కావు. వయసుకు వచ్చే మార్పులే. వాటిని చూసి కర్ర ఎత్తడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ముందు పిల్ల సంగతి. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. దాదాపు నాలుగో నెల నుంచి అవి ఊడిపోతూ, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు వాచి సలుపుతాయి. ఏదైనా కొరికితే దానికి కాస్త హాయి. పైపు మీది రక్తం చాలావరకు దాని చిగుళ్లదే. పాత గుడ్డను తడిపి, గట్టిగా ముడేసి, ఫ్రిజ్‌లో చల్లబరిచి మీ ఎదురుగానే కొరకనివ్వండి. పచ్చి క్యారెట్ కూడా ఇవ్వొచ్చు. ఉడికించిన కోడి ఎముకలు మాత్రం వద్దు, చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. చేతిని కొరికితే కొట్టకండి. ఆట ఆపేసి అవతలికి వెళ్లిపోతే కొన్ని రోజుల్లో దానికే అర్థమవుతుంది. ఏడు నెలలు దాటినా పాత కోరపన్ను ఊడకుండా కొత్తదాని పక్కనే ఉంటే డాక్టరుకు చూపించాలి.

పైపులు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. నా భయమంతా పురుగుమందు డబ్బాల గురించే. మిరప తోటలో ఖాళీ డబ్బాలు గట్టు మీద పడి ఉండటం మామూలే. ఈ వయసు పిల్ల వాటినీ కొరుకుతుంది. మోటారు వైర్లనూ వదలదు. డబ్బాలు తాళం వేసిన చోట పెట్టండి, వైర్లు దానికి అందకుండా చూడండి.

పిల్లల చేతికి పన్ను గాటు పడిందా? పాలపన్ను గాటే కదా అని వదిలేయకండి. సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. కుక్కలు రెండింటికీ రేబిస్ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. వేయకపోతే ఈ వారమే వేయించండి. మూడు నెలలు నిండాక మొదటిది, డాక్టరు చెప్పినప్పుడు బూస్టరు, తర్వాత ఏటా.

ఇక ఆడకుక్క. చిత్త కార్తెలో కుక్కల గుంపులు మన ఊళ్లలో అందరూ చూసేవే. ఎద దాదాపు మూడు వారాలు ఉంటుంది. మొదటి తొమ్మిది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రక్తం కారుతుంది కానీ మగకుక్కను దగ్గరికి రానివ్వదు. తర్వాత రక్తం పలచబడుతుంది, తోక పక్కకు తిప్పి నిలబడుతుంది. కడుపు నిలిచేది అప్పుడే. రక్తం ఆగింది కదా అని వదిలేస్తే సరిగ్గా ఆ రోజుల్లోనే వదిలినట్లు. వచ్చేసారి మొదటి చుక్క కనిపించిన రోజు నుంచి మూడు వారాలు గదిలోనే ఉంచండి.

అతుక్కోవడం కుక్కల్లో సహజం. మగకుక్క అంగం మొదట్లో ఉండే భాగం ఉబ్బి, ఆడకుక్క కండరాలు దాన్ని బిగించడం వల్ల విడిపోవు. మామూలుగా పది నిమిషాల నుంచి అరగంటలో వాటంతట అవే విడిపోతాయి. బలవంతంగా లాగితే రెండింటికీ లోపల చీలి రక్తస్రావం కావచ్చు. మరోసారి జరిగితే పిల్లలనూ బండ్లనూ దూరంగా ఉంచి వాటి మానాన వదిలేయండి. మీ కుక్కకు ఇప్పుడు రక్తం గానీ, చెడు వాసన స్రావం గానీ వస్తున్నా, మేత ముట్టకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

కడుపు పోగొట్టే ఇంజెక్షన్లంటూ మెడికల్ షాపులో అడిగి వేయించకండి. కొన్ని హార్మోన్ మందులు గర్భసంచిలో చీము పట్టించి ప్రాణం తీస్తాయి. పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి తీసే ఆపరేషన్ ఎప్పుడు చేయాలో పశువైద్యుడు నిర్ణయిస్తారు. మీ దగ్గరి పశువుల ఆసుపత్రిలో అడగండి, లేదా గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెల తర్వాత స్కానింగ్‌లో కడుపు తెలుస్తుంది.

ఉంచుకుంటే 63 రోజుల లెక్కన డిసెంబరు 16కి అటూ ఇటూ ఈనుతుంది. ఆ చలిలో పుట్టిన పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు, మోటారు గదిలో ఒక మూల పొడి గోనెలు పరిచి ఉంచండి. గంటసేపు గట్టిగా ముక్కుతున్నా పిల్ల బయటకు రాకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. మగపిల్లకు కూడా ఆపరేషన్ అడిగి ఉంచండి, ఆడది మళ్లీ ఎదకు వచ్చేసరికి అది కూడా ఈడుకొస్తుంది.