సైజు అడక్కుండా ఫైలు చదవగలరా?

ప్రశ్న: మాది గాజువాక. బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో టెక్స్ట్ ఫైలు మొత్తాన్ని మెమరీలోకి చదివే సీ ప్రోగ్రాం రాయమన్నారు. ఎఫ్‌సీక్‌తో చివరికెళ్లి, ఎఫ్‌టెల్‌తో సైజు తెలుసుకుని, మాలక్‌తో అంత మెమరీ తీసుకుని, ఎఫ్‌రీడ్‌తో చదివాను. ‘డేటా పైపులోంచి వస్తే?’ అన్నారు. నోరు పెగల్లేదు. సీ మానేసి పైథాన్‌కి మారమంటున్నారు ఫ్రెండ్స్. మారనా?

జవాబు: మానొద్దు. మీరు రాసింది సగం పని. సిస్టమ్స్, ఎంబెడెడ్ ఉద్యోగాలిచ్చేవాళ్లు చూసేది మిగతా సగాన్నే.

పైపంటే ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్ నేరుగా ఇంకో ప్రోగ్రాంలోకి వెళ్లే దారి, అందులో ఎఫ్‌సీక్ పనిచేయదు. లినక్స్‌లో సిస్టమ్ సమాచారం చూపే ‘ప్రాక్’ ఫోల్డర్ కింది ఫైళ్లు చాలావరకు సైజు సున్నా అని చూపిస్తాయి, చదివితే మాత్రం డేటా వస్తుంది. విండోస్‌లో టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే లైను చివరి రెండు బైట్లు ఒకటవుతాయి, లెక్క కుదరదు. పైగా అక్కడ ఎఫ్‌టెల్ జవాబిచ్చే లాంగ్ టైపు 32 బిట్లే, 2 జీబీ దాటితే ఎఫ్‌టెల్ చెప్పలేదు.

అందుకే సైజు అడక్కుండా చదవండి. 4096 బైట్లతో మొదలుపెట్టి, నిండినప్పుడల్లా మెమరీ సైజు మార్చే రీఅలాక్‌తో రెట్టింపు చేయండి. ఆ ఫలితాన్ని వేరే పాయింటర్లోకి తీసుకోండి. పాతదాన్లోనే వేస్తే, మెమరీ దొరక్క నల్ వచ్చిన రోజు పాత మెమరీ ఎక్కడుందో తెలియదు, ఫ్రీ చేయలేరు. టెక్స్ట్ ముగింపును చెప్పే చివరి సున్నా బైటుకి చోటుంచండి. ఎఫ్‌రీడ్ తక్కువిస్తే ఫైలు అయిపోయిందా, లోపమా అన్నది ఎఫ్‌ఎర్రర్‌తో తేల్చుకోండి. ఇంతకు మించి చదవనని ఒక హద్దు కూడా పెట్టండి. రిటర్న్ విలువ చూడకుండానే ల్యాబ్ రికార్డులు నిండిపోవడం నాకు నిజంగా బాధ.

తర్వాత మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి, ఖాళీ ఫైలు, లేని ఫైలు, పైపు ఇచ్చి చూడండి. ఫోల్డర్ కూడా ఇవ్వండి: లినక్స్‌లో రీడ్ మోడ్‌లో ఎఫ్‌ఓపెన్ దాన్ని తెరిచేస్తుంది, చదవబోతేనే లోపం బయటపడుతుంది. ‘విశాఖ’ అని యూటీఎఫ్-8లో రాస్తే 15 బైట్లు. ముక్కలుగా చదివేటప్పుడు అక్షరం మధ్యలో తెగొచ్చు, అందుకే మొత్తం చేరాకే అక్షరాల జోలికెళ్లండి.

పైథాన్ కూడా నేర్చుకోండి, దాని ప్రధాన ఇంటర్‌ప్రెటర్ సీపైథాన్ రాసిందీ సీలోనే. గేట్ సీఎస్ సిలబస్‌లోనూ సీ ఉంది. మన విశాఖలోని నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ లాంటి డీఆర్‌డీఓ ల్యాబుల్లో సైంటిస్టు పోస్టులకు గేట్ స్కోరు చూస్తారు.

ఈ ప్రోగ్రాం గిట్‌హబ్‌లో పెట్టి, ఏ పరీక్షలో ఏమైందో రీడ్‌మీలో తెలుగులోనైనా సరే రాసుకోండి. రెజ్యూమెలో ఆ లింకు ఇచ్చేముందు ఇంగ్లిష్‌లోకి మార్చండి.