లిథియం మాత్ర, ఉప్పు డబ్బా

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. ఈ సెమిస్టరులో మానసిక వ్యాధుల జీవశాస్త్రం పేపరు తీసుకున్నానని, ఇక మనుషుల గురించి రాయడం తేలికవుతుందని అన్నావు. పేపరు తీసుకోవడం మంచి పని. తేలికవుతుందన్న చోటే నాకు పేచీ.

నీ కథలో పెళ్లి సంబంధం తప్పిపోయిన కుర్రాడు మంచం దిగడు. గోడ మీది క్యాలెండరులో మూడు నెలలుగా కాగితం మార్చలేదని రాశావు. ఆ వాక్యం నాకు నచ్చింది. ఆ వెంటనే నువ్వే తెర ముందుకు వచ్చి "అతని మెదడులో సెరటోనిన్ తగ్గిపోయింది" అని చెప్పేశావు. ఇక పాఠకుడు ఆ గదిలో ఉండి చేసేదేమిటి? పైగా మీ శాస్త్రం కూడా అంత తేలిగ్గా తేల్చదు. సెరటోనిన్ నరకణాల మధ్య కబురు మోసే రసాయనం. నరకణాలు దాన్ని తిరిగి పీల్చుకోకుండా అడ్డుకునే పని, దిగులుకు ఎక్కువగా ఇచ్చే మాత్ర కొన్ని గంటల్లోనే మొదలుపెడుతుంది. మనిషి తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. తక్కువైనది పోసి నింపడమే అయితే ఇంత ఆలస్యం దేనికి? ఈ ప్రశ్న మీ తరగతిలో ఎలాగూ వస్తుంది. కథ రాసేవాళ్లకు మాత్రం ఆ వారాలే బంగారం. మాత్రలు మొదలయ్యాయి, మార్పు లేదు, తల్లి రోజూ పొద్దున్నే కొడుకు ముఖం చూస్తుంది, మేనమామ వాకిట్లో కూర్చుని డబ్బు దండగ అంటాడు. అది రాయి.

ముప్పై ఏళ్ల కిందట నేను చేసిన నిర్వాకం చెబుతాను. మా పెద్దనాన్న కొడుకు ఒకాయన, నాకు అన్న. ఉన్నట్టుండి నిద్ర మానేశాడు. ఉన్న రెండెకరాల్లో ఏడు బోర్లు వేయిస్తానని అప్పులు చేశాడు, ఆ అప్పుతోనే ఊరందరికీ భోజనాలు పెట్టాడు. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో చూపిస్తే, మనసు పొంగునూ కుంగునూ అదుపులో పెట్టే లిథియం అనే మందు రాశారు. మనిషి కుదుటపడి మళ్లీ వేరుశనగ వేశాడు. తర్వాతి మే నెలలో ఒక పెళ్లిలో కనిపించాడు. స్టీలు గ్లాసు అందుకుంటే చేయి వణికి కాఫీ పంచె మీద ఒలికింది. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. బంతిలో పక్కవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ఇంటికి వచ్చి ఆయన్ని తాగుబోతును చేసి కథ రాశాను. వారపత్రికలో అచ్చయింది. అన్న చదివాడు.

ఆయన తాగలేదు. రక్తపోటుకు మంచిదని ఎవరో చెబితే కూరల్లో ఉప్పు మానేశాడు. అనంతపురం ఎండలో పొద్దంతా దుక్కి దున్నించాడు. లిథియాన్ని మూత్రపిండం ఇంచుమించు సోడియంలాగే చూస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే సోడియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది, దానితోపాటు లిథియాన్నీ పట్టుకుంటుంది. వేసుకునేది ఎప్పటి మాత్రే, రక్తంలో మాత్రం విషం. మేలు చేసే మోతాదుకూ ముంచే మోతాదుకూ మధ్య ఎడం అంత తక్కువ. 1948లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే మానసిక వైద్యుడు ఈ మందు వాడిన మొదటి రోగి బాగుపడి ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లాడు. 1950లో అదే మందు విషమించి చనిపోయాడు. రక్తంలో ఎంత ఉందో కొలిచి ఇవ్వడం ఆ తర్వాత వచ్చిన పద్ధతి.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత కలిసినప్పుడు చొక్కా జేబులోంచి నాలుగు మడతల ల్యాబు కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయాలట. అందుకని పొద్దుటి మాత్ర వేసుకోకుండా జేబులో పెట్టుకుని మొదటి బస్సుకు టౌనుకు వస్తాడు. రక్తం ఇచ్చాక ల్యాబు మెట్ల మీద కూర్చుని ఆ మాత్ర మింగుతాడు. నాకు రాయడం చేతనై ఉంటే ఆ మెట్ల మీద కథ మొదలుపెట్టేవాణ్ణి.

అందుకే ఆ పేపరును శ్రద్ధగా చదవమంటున్నాను. ఎందుకు జరిగిందో నీ పాత్ర చేత చెప్పించడానికి కాదు. వణికే చేతిని చూసినప్పుడు నాలాగా మొదటి ఊహకే లొంగిపోకుండా ఉండటానికి.

వంశం సంగతి ఒక్క ముక్క. రూపంలో తేడా తెలియని కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి వచ్చినా రెండోవారికి వచ్చే అవకాశం సగమో, అంతకన్నా తక్కువో. కానీ మనవైపు సంబంధాలు చూసేవాళ్లు "వాళ్లింట్లో తిక్క ఉంది" అన్నారంటే చెల్లెలి పెళ్లి కూడా ఆగిపోతుంది. నీ కథలో ఆ చెల్లెలు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆ అమ్మాయిని పిలువు.

మీ అవ్వ ఊళ్లో గాలి సోకిందని చెప్పుకునే ముసలామె గురించి కూడా రాయాలని ఉందన్నావు. ముందు ఆమె ఏం తినేదో అడిగి తెలుసుకో. దక్కనులో జొన్నే తిండిగా బతికిన పేదవాళ్లలో పెల్లాగ్రా కనిపించేది. నయాసిన్ అనే విటమిన్ అందక వచ్చే జబ్బు. మెడ చుట్టూ, ఎండ తగిలే చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, నిద్ర పట్టదు, దిగులు కమ్ముతుంది, ముదిరితే మతి తప్పుతుంది. హైదరాబాదులో పరిశోధన చేసిన గోపాలన్, ఆయన సహచరుడు 1960లో జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం వైపు వేలు చూపించారు. దాని మీద తర్వాత చాలా వాదన జరిగింది. ఆమెకు ఉన్నది అదేనని నేను అనడం లేదు, నువ్వూ అనకు. మెడ మీద మచ్చ ఉందా, కంచంలో రొట్టె పక్కన ఏముండేది, అంతవరకు కనుక్కో. ఊరివాళ్లు గాలి అన్నారంటే ఆ మాటను అలాగే ఉంచు. వాళ్ల నోట్లో నీ పాఠం పెట్టావంటే కథ చింపేస్తాను.

వచ్చే నెల మొదటి వారం ఊళ్లోనే ఉంటాను. ఫోనులో చదవడం నా కళ్లకు కష్టం, కాగితం మీద తీసుకురా. అన్న కూడా వింటానన్నాడు. ఆయన ఇప్పుడు ఎండాకాలంలో మజ్జిగలో ఉప్పు తానే చూసి వేసుకుంటాడు. మందుల సంగతి ఎక్కడైనా తప్పు రాస్తే నాకంటే ముందు ఆయనే పట్టుకుంటాడు.