పాస్‌బుక్‌లో 80, 240, 400

ప్రశ్న: మేడమ్, మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. జగిత్యాలలో నేను, మా అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదివే మా బాబు ఉంటాం. హోంవర్క్ వాట్సాప్‌లో వస్తుందని సాయంత్రాలు నా ఫోన్ వాడికే ఇస్తాను. మొన్న పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయిస్తే 80, 240, 400 అంటూ రెండు నెలల్లో పదకొండు వేలు పోయాయి. తీరా చూస్తే తుపాకుల ఆటలో నాణేల్లా వాడే డైమండ్లు కొన్నాడు. నేను యూపీఐ పిన్ కొడుతుంటే చూసి గుర్తుపెట్టుకున్నాడట. కోపం పట్టలేక కొట్టాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. వాళ్ల నాన్నకు చెప్పాలంటే భయంగా ఉంది. నా కొడుకు దొంగ అయిపోయాడా? ఆ డబ్బు తిరిగి వస్తుందా?

– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, ముందు ఫోన్ పని చూడండి. యూపీఐ పిన్ ఇవాళే మార్చండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ వెరిఫికేషన్ అడిగేలా పెట్టండి. యూపీఐ యాప్‌లో డబ్బు దానంతటదే కట్టేసే ఆటోపే ఏదైనా పెట్టి ఉంటే రద్దు చేయండి. తర్వాత ప్లే స్టోర్‌లోనే ఆర్డర్ హిస్టరీ తెరిస్తే ఏ తేదీన ఏం కొన్నాడో వరసగా కనిపిస్తుంది. కొని 48 గంటలు దాటనివాటికి అక్కడే రీఫండ్ అడగండి. పాతవాటికి ఆట కంపెనీకి రాయాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం చెబుతుంది, ఆ మాట ఉత్తరంలో పెట్టండి. ఖాతా మీ పేరున ఉంది, పిన్ మీదే. కాబట్టి మొత్తం వస్తుందని నేను ఆశ పెట్టలేను. కంపెనీ పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఎవరో సైబర్ దొంగలు దోచారని మాత్రం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పకండి. అది అబద్ధపు ఫిర్యాదు అవుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. వాడు మీకు చెప్పకుండా పిన్ వాడాడు. అది తప్పే, తప్పని వాడికి చెప్పాల్సిందే. దొంగ అనే మాట మాత్రం వద్దు. బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఇప్పుడు ఇలాంటి పిల్లల పక్కన కూర్చుని వాళ్ల ఆటలు తెరిపించి చూస్తుంటాను. ఆటలోపల డైమండ్లతో సరుకు అమ్మే కొట్లో లెక్క ఎలా కట్టారో చూస్తే నాకు పిల్లల మీద కంటే దాన్ని కట్టిన పెద్దల మీదే కోపం వస్తుంది.

ఒక ఆటలో వంద డైమండ్లు 80 రూపాయలు. రూపాయి డైమండ్‌గా మారిన క్షణం నుంచి పిల్లవాడికి డబ్బు కనిపించదు. అందులో ఒక చక్రం ఉంటుంది. మొదటిసారి తిప్పడానికి 9 డైమండ్లు, అంటే ఏడు రూపాయల చిల్లర. తిప్పితే ఏదో చిన్న బహుమతి వస్తుంది, ఆటలోని తన బొమ్మకు వాడు కోరుకున్న డ్రెస్సు రాదు. వచ్చిన బహుమతి మళ్లీ రాదు కాబట్టి, ఈసారి తప్పకుండా అదే అనిపిస్తుంది. రెండోసారికి 19, తర్వాత 39, 69, 99, 149, 199, చిట్టచివర 499. మొత్తం కూడితే 1082 డైమండ్లు, ఎనిమిది వందల అరవై రూపాయల పైమాటే. ఆ మొత్తం ముందే రాసిపెడితే ఎనిమిదో తరగతి పిల్లవాడు కొంటాడా? పైగా పక్కనే గడియారం తిరుగుతుంటుంది, ఆఫర్ ఇంకో రెండు గంటలే అని. కొనకపోతే తోటి పిల్లలు నూబ్, అంటే ఆట రానివాడు అంటారు. వాడికి అది చిన్న మాట కాదమ్మా.

ఇది నా ఊహ కాదు. ఫోర్ట్‌నైట్ ఆట చేసిన ఎపిక్ గేమ్స్ మీద అమెరికాలో వినియోగదారుల పక్షాన చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఆరోపణే చేసింది. ఒక్క బటన్ నొక్కితే కొనుగోలు అయిపోయేలా పెట్టారని, పిల్లలు కొంటుంటే పెద్దల అనుమతి అడగలేదని. ఆ కంపెనీ 24.5 కోట్ల డాలర్లు కట్టడానికి 2022లో ఒప్పుకుంది. ఆటల్లో డబ్బిచ్చి కొనే, లోపల ఏముందో తెలియని పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. మన దగ్గర 2025 ఆగస్టులో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది కదా, ఇంకా ఇవెలా నడుస్తున్నాయని మీకు అనిపించవచ్చు. ఆ చట్టం ఆపింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను. మీవాడి ఆటలో డబ్బు పోవడమే తప్ప తిరిగి రావడం ఉండదు కాబట్టి అది ఆ నిషేధం కిందికి రాదు.

ఆదివారం వాడి పక్కన కూర్చుని, ఆ చక్రం ఎలా తిరుగుతుందో నాకూ చూపించరా అని అడగండి. కొట్టినందుకు మీకు బాధగా ఉంటే ఆ మాటా చెప్పండి. తిట్టకుండా ఇద్దరూ కాగితం మీద రూపాయల్లో లెక్క వేయండి. వాడే కూడాలి, మీరు కూడకూడదు. ఆట పూర్తిగా మాన్పిస్తానంటే పక్కింటి ఫోన్‌లో ఆడతాడు. డైమండ్లు కొనకుండా ఆడుకోవడానికి ఒక వేళ పెట్టండి. ఫోన్ హాల్లోనే, అత్తమ్మ కళ్లెదుటే ఉండాలి.

మీ ఆయనకు ఈ వారమే చెప్పండి. దాచిన కొద్దీ తల్లీకొడుకులిద్దరూ కలిసి దాచినట్టవుతుంది. చెప్పేటప్పుడు బాబు పక్కన లేకుండా చూసుకోండి. పైన చెప్పిన చక్రం లెక్క ఆయనకూ వివరించండి. 'ఇంటికొచ్చాక నీ సంగతి చెప్తా' అని మాత్రం వాడితో అనొద్దనండి. ఎప్పుడో సెలవు దొరికినప్పుడు వచ్చే తండ్రి కోసం పిల్లవాడు ఎదురుచూడాలి గాని, ఆ రోజు తలచుకుని భయపడకూడదు.