మూడేళ్లలో డిగ్రీ, 2.95 సైన్స్ జీపీఏ: ఈ మేలోనే డీఓ కళాశాలలకు దరఖాస్తు చేయాలా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. కిందటేడు గ్రీన్‌కార్డు వచ్చింది. మా అమ్మాయి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయాలజీ చదువుతూ, హైస్కూల్లోనే చదివిన కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల క్రెడిట్ల పుణ్యమా అని మూడేళ్లకే ఈ మేలో పట్టా పుచ్చుకుంటోంది. నాలుగుకు లెక్కగట్టే సగటు గ్రేడు, అంటే జీపీఏ, మొత్తం 3.3, సైన్స్‌లో 2.95. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ వస్తే మళ్లీ చదివి బీ తెచ్చుకుంది. ఫిజిక్స్‌లోనూ సీ వచ్చింది. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఇంకా రాయలేదు. డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) పట్టా ఇచ్చే వైద్య కళాశాలలు తక్కువ గ్రేడ్లున్నా తీసుకుంటాయనీ, మళ్లీ చదివితే పాత గ్రేడు లెక్కలోకి రాదనీ మిత్రులు అంటున్నారు. వైద్య సీటు కోరేవారు తమ దరఖాస్తును మెరుగుపరచుకోవడానికి చేసే ఒక స్పెషల్ మాస్టర్స్ కోర్సులో సీటు వచ్చింది. ఏడాదికి ఖర్చులన్నీ కలిపి 52 వేల డాలర్లు. డిపాజిట్ ఈ నెలాఖరులోగా కట్టాలి. ఈ మేలోనే డీఓకు దరఖాస్తు చేయించాలా, మాస్టర్స్‌లో చేర్పించాలా, కరీబియన్ దీవుల్లోని వైద్య కళాశాలకు పంపాలా? డీఓ అంటే గుంటూరులో మావాళ్లకు ఏమని చెప్పుకోవాలి?

జవాబు: మీ చివరి ప్రశ్నను ముందు తీసుకుంటాను. అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు డీఓ గురించి రాసే ఉత్తరాలలో గ్రేడ్ల ప్రస్తావన ఎంత ఉన్నా, వాటి అడుగున ఉండే దిగులు ఒకటే: మా బిడ్డ అసలైన డాక్టరు అవుతుందా, లేక నలుగురిలో సంజాయిషీ చెప్పుకోవలసిన డాక్టరు అవుతుందా అని. ఆ దిగులు తీరనిదే మిగతా లెక్కలేవీ మీ చెవికెక్కవు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదటి ఆస్టియోపతిక్ (ఎముకలు, కండరాలకు చేతులతో చేసే చికిత్స) కళాశాల పెట్టిననాటి సంగతి వేరు. ఇప్పుడు డీఓ పట్టా ఉన్నవారు యాభై రాష్ట్రాలలోనూ ఎండీలతో, అంటే అమెరికాలో మామూలు వైద్య పట్టా ఉన్నవారితో, సమానమైన హక్కులతో మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. ఒకప్పుడు ఎండీలకూ డీఓలకూ వేర్వేరుగా ఉండిన రెసిడెన్సీకి, అంటే పట్టా తరువాత ఆసుపత్రిలో పొందే శిక్షణకు, 2020 నుంచి ఒకే సంస్థ గుర్తింపు ఇస్తోంది. రెసిడెన్సీ సీట్లు కేటాయించే జాతీయ ప్రక్రియ అయిన మ్యాచ్‌లో 2024లో ఎండీ చివరి సంవత్సరం విద్యార్థులలో 93.5 శాతం మందికి రెసిడెన్సీ దొరికితే, డీఓ విద్యార్థులలో 92 శాతానికి పైగా దొరికింది. ట్రంప్ తొలి హయాంలో శ్వేతసౌధ వైద్యుడిగా ఉన్న షాన్ కాన్లీ, బైడెన్‌కు వైద్యుడిగా ఉన్న కెవిన్ ఓకానర్ ఇద్దరూ డీఓలే. గుంటూరుకు ఈ ఒక్క ముక్క చెప్పండి, చాలు. బంధువులెవరైనా ఇంటర్నెట్‌లో వెతికితే బ్రిటన్ ఆస్టియోపాత్‌ల సమాచారం ఎదురుకావచ్చు. అక్కడ వారు వైద్యులు కారు, చేతులతో చికిత్స చేసేవారు మాత్రమే. వారికీ అమెరికా డీఓలకూ పొంతన లేదు.

ఇక మీ మిత్రుల మాట. మళ్లీ చదివితే పాత గ్రేడు చెరిగిపోవడం ఒకప్పుడు నిజమే. డీఓ కళాశాలల ఉమ్మడి దరఖాస్తు విధానమైన ఆకోమాస్ ఆ వెసులుబాటును 2017లో ఎత్తివేసింది. అయినా వాట్సాప్ బృందాలలో ఆ సలహా నేటికీ చెలామణీ అవుతూనే ఉంది, ఎందుకంటే దాన్ని చెప్పేవారి పిల్లలు అంతకు ముందే సీట్లు తెచ్చుకుని ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మీ అమ్మాయి నాలుగు క్రెడిట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీలో ముందు సీ, తరువాత బీ తెచ్చుకుంది కదా. పాత పద్ధతిలో అది 3.0గా నిలిచేది. ఇప్పుడు రెండు ప్రయత్నాలూ లెక్కకు వచ్చి 2.5 అవుతుంది. పైగా ఆకోమాస్ సైన్స్ జీపీఏలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ వంటివే ఉంటాయి. ఎండీ దరఖాస్తులో లాగా గణితం గ్రేడ్లు అందులో కలవవు కాబట్టి, ఆమె కాల్‌క్యులస్‌లో తెచ్చుకున్న ‘ఏ’ గ్రేడు ఇక్కడ ఆదుకోదు.

డీఓ కళాశాలలు తగ్గింపు ధరల అంగళ్లు అన్న భ్రమను కూడా వదులుకోండి. చేరుతున్నవారి సగటు ఎంక్యాట్ 504 దరిదాపుల్లో, సగటు జీపీఏ 3.6 దరిదాపుల్లో ఉంటోంది. ఎండీ సగటు ఎంక్యాట్ 512 దరిదాపుల్లో ఉంటుంది కనుక తేడా ఉన్న మాట వాస్తవమే, కాని ఆ తేడా 2.95ను దాటించేంత పెద్దది కాదు. కొన్ని కళాశాలలు కనీస హద్దుగా 2.75ను, కొన్ని 3.0ను పెట్టుకున్నాయి, రెండవ రకం కళాశాలల్లో మీ అమ్మాయి రాసిన వ్యాసాలను ఎవరూ చదవకుండానే దరఖాస్తు పక్కకు పోతుంది. ఎంక్యాట్ రాయకుండా, ఈ గ్రేడ్లతో, ఈ మేలో దరఖాస్తు చేయించడం అంటే రుసుములు పోగొట్టుకుని, వచ్చే ఏడాదికి ‘నిరుడు తిరస్కరించిన అభ్యర్థి’ అన్న ముద్ర కొని తెచ్చుకోవడమే. చేయించవద్దు.

మీరు జతచేసిన గ్రేడ్ల పట్టికను నేను ఉత్తరం కంటే శ్రద్ధగా చదివాను. కాలేజీలో అడుగుపెట్టిన మొదటి సెమిస్టర్‌లోనే ఆ అమ్మాయి 19 క్రెడిట్లు తీసుకుంది. అందులో ఆర్గానిక్ కెమిస్ట్రీ, దాని ల్యాబ్, జనరల్ బయాలజీ, కాల్‌క్యులస్ రెండో భాగం ఉన్నాయి. జనరల్ కెమిస్ట్రీ ఎక్కడా లేదు, ఎందుకంటే హైస్కూల్లో ఏపీ కెమిస్ట్రీలో 5 వచ్చింది కనుక దాన్ని దాటవేయించారు. పదిహేడు, పద్ధెనిమిదేళ్ల పిల్ల, పునాది కోర్సును వదిలేసి, రెండో సంవత్సరం విద్యార్థుల మధ్య కూర్చుని సీ తెచ్చుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఇది తెలివితేటల లోపమని నేను అనుకోవడం లేదు. రెండో ఏడు ఆర్గానిక్‌ను మళ్లీ చదువుతూ ఫిజిక్స్‌నూ మోసింది. మూడో ఏడు క్రెడిట్ల బరువు తగ్గగానే జెనెటిక్స్‌లో ఏ మైనస్, ఫిజియాలజీలో ఏ మైనస్, బయోకెమిస్ట్రీలో బీ ప్లస్ వచ్చాయి. అంటే కాలేజీ చదువు ఎలా చదవాలో ఆమెకు ఇప్పుడిప్పుడే చేతికి వచ్చింది, సరిగ్గా ఇప్పుడే మీరు పట్టా ఇప్పించి బయటికి తీసుకువస్తున్నారు.

కాబట్టి నా సలహా మీరు అడిగిన మూడింటిలో లేదు. ఆ పట్టాను ఈ మేలో తీసుకోనివ్వకండి, నాలుగో ఏడు చదవనివ్వండి. లెక్క చూడండి. ఇప్పటికి 50 సైన్స్ క్రెడిట్లలో 2.95 అంటే చేతిలో 147.5 గ్రేడు పాయింట్లు ఉన్నాయి. నాలుగో ఏడు రెండు సెమిస్టర్లలో కలిపి 25 సైన్స్ క్రెడిట్లు తీసుకుని అన్నింటా ‘ఏ’ గ్రేడు తెచ్చుకుంటే 3.3కు చేరుతుంది. ఏలు, బీలు కలిసి 3.7 చొప్పున వచ్చినా 3.2 అవుతుంది. సైన్స్ జీపీఏను 3.5కు లాగాలంటే మాత్రం 55 క్రెడిట్లు వరుసగా ఏలు కావాలి. అది జరిగే పని కాదు, దాన్ని లక్ష్యంగా పెట్టి పిల్లను చంపవద్దు. 3.2తో పాటు చివరి రెండేళ్ల గ్రేడ్లు ఎక్కుతూ పోవడం, మైక్రోబయాలజీ, సెల్ బయాలజీ వంటి పై స్థాయి కోర్సులలో నిలబడడం, 506 వంటి ఒక గౌరవప్రదమైన ఎంక్యాట్ స్కోరు ఉంటే అప్పుడు దరఖాస్తు చదివేవారు మొదటి సంవత్సరపు సీని సహనంతో చూస్తారు. ఎంక్యాట్‌ను వచ్చే సంవత్సరం జనవరి, మార్చి మధ్య రాస్తే మేలో దరఖాస్తులు తెరిచేనాటికి స్కోరు చేతిలో ఉంటుంది. డీఓ కళాశాలలు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చూస్తూ సీట్లు ఇచ్చుకుంటూ పోతాయి కనుక మే, జూన్ నెలలలో పంపినవారికి, అక్టోబరులో పంపినవారికి ఒకే అవకాశం ఉండదు.

స్పెషల్ మాస్టర్స్ గురించి కాస్త ఎక్కువగా మాట్లాడక తప్పదు, ఎందుకంటే ఇప్పుడు మనవాళ్లలో ఇది ఒక ఫ్యాషన్ అయి కూర్చుంది. సీటు సులువుగా దొరుకుతుంది, ‘మాస్టర్స్ చేస్తోంది’ అని చెప్పుకోవడానికి బాగుంటుంది, ఏడాది ఖాళీగా ఉన్నట్టు కనిపించదు. తల్లిదండ్రులకు దానిపై ఉన్న మోజుకు ఈ మూడే కారణాలని నా అనుమానం. ఆ కోర్సు గ్రేడ్లు గ్రాడ్యుయేట్ వరుసలో విడిగా పడతాయి కనుక, అండర్‌గ్రాడ్యుయేట్ వరుసలోని 2.95 అలాగే ఉండిపోతుంది. చాలాచోట్ల వైద్య విద్యార్థుల మొదటి సంవత్సరపు పాఠాలనే, వారి పరీక్షల స్థాయిలోనే చదివిస్తారు. అందులో 3.7 వస్తే మేలే, 3.0 వస్తే ‘ఈ విద్యార్థిని మా చదువును తట్టుకోలేదు’ అని తన చేతులతో తానే రాసి ఇచ్చినట్టవుతుంది, ఆ తరువాత దాన్ని సరిదిద్దుకునే మరో మెట్టు ఉండదు. ఇంటర్వ్యూ గ్యారంటీ అని బ్రోచర్‌లో ముద్రిస్తారు, కాని దాని కింద ఫలానా జీపీఏ, ఫలానా ఎంక్యాట్ ఉంటేనే అన్న షరతు ఉంటుంది. మీకు వచ్చిన కాగితాలలో ఆ పేరాను వెతికి చదవండి. వైద్య సీటు రాకపోతే ఆ మాస్టర్స్ పట్టాతో వచ్చే ఉద్యోగం పెద్దగా ఏమీ ఉండదు. డబ్బు సంగతి మరీ ముఖ్యం: 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ ప్రభుత్వ రుణాలు లేవు, మామూలు మాస్టర్స్ కోర్సులకు ఏడాదికి ఫెడరల్ రుణం 20,500 డాలర్లకు మించదు. మీ 52 వేలలో మిగిలిన 31,500 మీ జేబులోంచి రావాలి, లేదా ప్రైవేటు బ్యాంకు అప్పు కావాలి. డిగ్రీ ఎప్పుడో పూర్తయి, క్రెడిట్లు కుప్పలుగా పోగుపడి ఇక జీపీఏ కదలని స్థితిలో, మంచి ఎంక్యాట్ స్కోరు చేతిలో ఉన్నవారికి ఆ కోర్సు పనికివస్తుంది. నాలుగో ఏడు ఇంకా మిగిలి ఉన్న మీ అమ్మాయికి కాదు.

డీఓ మార్గంలోనూ ఇబ్బందులు లేవని నేను అనను. అదనంగా ఆస్టియోపతిక్ చేతి చికిత్సలో రెండు వందల గంటలకు తక్కువ కాకుండా శిక్షణ ఉంటుంది. డీఓల లైసెన్సు పరీక్షలైన కామ్‌లెక్స్ తప్పనిసరి, పోటీ ఎక్కువున్న రెసిడెన్సీలు కోరేవారు ఎండీల లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాస్తారు కనుక చదువు రెండింతలవుతుంది. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీలకు డీఓల దారి ఇప్పటికీ ఇరుకే. సొంత ఆసుపత్రి లేని కళాశాలల్లో మూడో, నాలుగో సంవత్సరాల విద్యార్థులు ఊరూరూ తిరిగి క్లినికల్ శిక్షణ పూర్తి చేసుకోవాలి. వైద్య విద్యకు ఫెడరల్ రుణం కూడా ఇప్పుడు ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షల డాలర్ల దగ్గర ఆగిపోతుంది. ప్రైవేటు డీఓ కళాశాలల్లో చాలావాటి ఫీజే అంతకు మించి ఉంది. అందుకే మాస్టర్స్‌కు పెట్టబోయే ఆ సొమ్మును దాచి ఉంచండి. మీ రాష్ట్రంలో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉన్న రోవన్-వర్చువా ప్రభుత్వ డీఓ కళాశాల కనుక మొదట దాని వైపు చూడండి. ఫిలడెల్ఫియాలో పీకామ్, లాంగ్ ఐలాండ్‌లో ఎన్‌వైఐటీ డీఓ కళాశాలలు మీ ఇంటికి దూరం కావు. కొన్ని కళాశాలలు డీఓ వైద్యుల సిఫారసు లేఖను కోరుతాయి. ఆమె ఈ వేసవిలో ఎడిసన్ చుట్టుపక్కల ఒక డీఓ ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లో కూర్చుని చూడడం మొదలుపెడితే, లేఖ సంగతి అటుంచి, ‘డీఓనే ఎందుకు’ అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు చెప్పడానికి సొంత మాట ఒకటి దొరుకుతుంది. ఎండీ రాదు కాబట్టి ఇక్కడికి వచ్చిందన్న సంగతి, నోటితో అనకపోయినా, ఇంటర్వ్యూ చేసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

కరీబియన్ గురించి ఎక్కువ చెప్పను. 2024లో విదేశీ కళాశాలల్లో చదివిన అమెరికా పౌరులలో 67 శాతం మందికే మ్యాచ్ దొరికింది, మధ్యలో చదువు మానేసినవారు, మ్యాచ్ దాకా రానివారు ఆ లెక్కలో లేరు. గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి మీకు డీఓ తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే) వీసా మీద ఉన్న పిల్లలకు ఆ అవకాశం కూడా లేదు, చాలా కళాశాలలు వారి దరఖాస్తులను తీసుకోవు. ఉన్న మేలును వదులుకుని దీవులకు ఎందుకు?

ఒక మాట కటువుగానే అంటాను. మీరు పంపిన పట్టిక మీ అమ్మాయి పోర్టల్‌లోంచి, ఆమె ఖాతాతో తీసినది. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల మనిషి గ్రేడ్లను ఆమె పాస్‌వర్డ్‌తో చూసి, స్నేహితులతో చర్చించి, నాకు ఇంత పొడుగు ఉత్తరం రాశారు, ఇందులో ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యమైనా లేదు. డీఓ కావాలని ఆమె అడిగిందా? డాక్టరు కావాలని అడిగిందా? మొదటి ఏడు ఆ సీ ఎందుకు వచ్చిందో ఆమె నోట ఎన్నడైనా విన్నారా? తొందరగా ముగించడాన్ని గొప్పగా చెప్పుకున్నది మీరే కనుక, నాలుగో ఏడు ఉండిపోవడం ఓటమి కాదని ఆమెకు చెప్పవలసింది కూడా మీరే. ఆ మాట ఆమెకు నా నుంచి వస్తే పనిచేయదు. ఇది పెద్ద నష్టమూ కాదు. అమెరికాలో వైద్య కళాశాలలో చేరేవారిలో డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఆగి చేరినవారు ఎందరో ఉంటారు, వారిని ఎవరూ ఆలస్యమైనవారిగా చూడరు.

ఈ వారంలోనే ఆమెతో కూర్చోండి. సరే అంటే, ఆమే స్వయంగా రిజిస్ట్రార్ కార్యాలయంలో పట్టా దరఖాస్తును వెనక్కి తీసుకుని, ప్రీ-హెల్త్ అడ్వైజరును కలిసి, ఫాల్ సెమిస్టర్‌కు మైక్రోబయాలజీతో పాటు మరో రెండు పై స్థాయి సైన్స్ కోర్సులను నమోదు చేసుకోవాలి, మూడుకు మించి వద్దు. మాస్టర్స్ డిపాజిట్ కట్టకండి.